చాటింపు లోపల ఊరు చేరమనే అత్త

కువైట్

పూజ్యులైన చిన్నాయనకు,

నమస్కారములు. ఇక్కడ మేమందరమూ క్షేమం. పిన్నమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని చెల్లెలు చెప్పగా విని సంతోషించాను.

గంగజాతర దగ్గరపడుతున్న కొద్దీ అత్తే మనసులో మెదులుతున్నది. మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మంగళవారం అర్ధరాత్రి చాటింపు వేసిన తరువాత, జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటరాదన్న కట్టడిని మన వంశంలో అత్త పాటించినంత పట్టుదలగా మరెవ్వరూ పాటించలేదు. నాన్న దామలచెరువు తోటలో ఉన్నా, మీరు ఉద్యోగం మీద చిత్తూరులో ఉన్నా, చాటింపు లోపల ఊరు చేరమని ఆమె కబురు వచ్చేది. తోట పంచుకున్నాక బోరు నీళ్ల దగ్గర మీ అన్నదమ్ములకు మాటలు లేకపోయిన ఏళ్లలో, మిమ్మల్నిద్దరినీ వారం రోజులు ఒకే ఊళ్లో ఉంచి ఒకే పంక్తిలో కూర్చోబెట్టడానికి ఆమెకు దొరికిన ఆధారం ఆ చాటింపే.

జాతరలో రోజుకొక వేషం కదా. బైరాగి వేషం నాడు నామంకొమ్ము అనే తెల్లసుద్ద, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గు, ఏది పూసినా రెండిళ్ల పిల్లలకూ తన వాకిట్లోనే పూసేది. మమ్మల్ని తీసుకుపోవడానికి మీరూ నాన్నా అక్కడికే రావలసి వచ్చేది. వచ్చినవాళ్లను అంబలి తాగించకుండా పంపేది కాదు.

అమ్మా పిన్నమ్మా తమ బాధలన్నీ ఆమెకే చెప్పుకొనేవారు, కానీ ఒకరి మాటను మరొకరి దగ్గర ఆమె ఏనాడూ ఎత్తలేదు. మన ఇల్లు నిలిచింది అన్నిటికన్నా ఇందువల్లనే అని నా నమ్మకం. బోరు తగవులో కూడా తప్పు ఎవరిదో ఆమె చెప్పలేదు; మీ ఇద్దరినీ వెంటబెట్టుకొని తోటకు వెళ్లి, పగటి కరెంటు ఒక వారం ఒకరికి, మరుసటి వారం రెండవవారికి అని వంతులు పెట్టి వచ్చింది.

గంగమ్మ శ్రీనివాసుడి చెల్లెలని తిరుమల నుంచి సారె వస్తుంది కదా. అత్త కూడా పుట్టింటి సారెను అన్నదమ్ములిద్దరూ కలిసి తెస్తేనే అందుకొనేది. ఒక ఏడు మీరు విడిగా తెచ్చిన చీరను ఆమె తీసుకోక, అన్నతో కలిసి రమ్మని తిప్పి పంపడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ సాయంత్రం మీరిద్దరూ ఒకే స్కూటరు మీద వచ్చారు. చిన్నాయనా, ఆ రోజు అత్త ముఖంలో చూసిన సంతోషం నేను మరువలేను.

అత్త లేని మొదటి జాతర ఇది. సారె మాత్రం ఆగకూడదని నా ప్రార్థన. ఇకమీదట దానిని వదినకు, అంటే మీ మేనకోడలికి, ఇవ్వండి. నాన్న మనసులో ఉన్నా తానుగా అడగరు. చాటింపుకు ముందే మీరు మా ఇంటికి వెళ్లి పిలవండి. ఖర్చుకు డబ్బు పంపుతున్నాను, చీర మాత్రం మీరిద్దరూ గాంధీ రోడ్డుకు వెళ్లి ఎంచండి. వదినకు ఆకుపచ్చ ఇష్టం. పసుపు, కుంకుమ, గాజులతో పాటు ఇద్దరి తోటల కాయలూ ఒకే గంపలో పెట్టి తీసుకుపోండి.

మీ అన్న కూతురు