మరుగుదొడ్డి లేని బోటుకు లైసెన్సు ఇవ్వకండి, మంత్రి గారూ

కేంద్ర మత్స్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది వరంగల్ జిల్లా, పాకాల చెరువు దగ్గరి ఊరు. మత్స్య సహకార సంఘంలో సభ్యుణ్ని. సముద్రమే లేని రాష్ట్రం నుంచి సముద్రం గురించి రాస్తున్నాడేమిటని మీకు అనిపించొచ్చు. చెరువులో వల లాగేవాడికి బోటు మీద వల లాగేవాడి కష్టం తెలుస్తుంది సార్. మేమైతే ఏ పూటకాపూట ఇంటికొచ్చి పడుకుంటాం. వాళ్లకు పది, పదిహేను రోజులపాటు ఒడ్డే కనిపించదు.

మా సంఘం వాళ్లతో విశాఖ ఫిషింగ్ హార్బర్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక మరబోటు ఎక్కాను. బోటు నడిపే సరంగుతో కలిపి ఏడెనిమిది మంది వేటకెళ్లే బోటు. పడుకోవడానికి ఒక చెక్క గది ఉంది, అందులో లేచి కూర్చుంటే తల పైకప్పుకు తగులుతుంది. కిందే ఇంజను, ఆ వేడి, డీజిల్ వాసన. పక్కనే వంట. డ్రమ్ముల్లో తీసుకెళ్లే మంచినీళ్లు తాగడానికి, వండుకోవడానికే సరిపోతాయి. మరుగుదొడ్డి ఎక్కడని అడిగితే ఒక కలాసీ కుర్రాడు, అంటే బోటు మీద వల పని చేసే కుర్రాడు, బోటు వెనకవైపు చూపించాడు. తాడు పట్టుకుని అంచున కూర్చోవాలి. అర్ధరాత్రయినా, అలలు లేస్తున్నా అంతే. "భయానికి రాత్రిళ్లు తక్కువ తింటాం అన్నయ్యా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నిద్ర సంగతీ అంతే. పగలూ రాత్రీ తేడా లేకుండా కొన్ని గంటలకోసారి వల లాగాలి, చేప ఏరాలి, ఐసులో సర్దాలి. జీతం కాదు, వాటా. అందుకే ఒళ్లు బాగాలేకపోయినా వెనక్కి వెళ్దామని ఎవరూ నోరు విప్పరు. డీజిల్ ఖర్చు మీదపడి అందరి వాటా తగ్గుతుంది కదా.

2007లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేపల వేట పనివాళ్ల కోసం 188వ ఒప్పందం చేసింది. 2017లో అది అమల్లోకి వచ్చింది. మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే బోటులో ప్రతి 24 గంటలకు కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలంటుంది. పడక, తాగునీరు, మరుగుదొడ్డి ఎలా ఉండాలో కూడా చెబుతుంది. థాయ్‌లాండ్ 2019లో దాన్ని ఆమోదించింది. మన దేశం కూడా ఆమోదించాలి.

అంతవరకూ ఆగక్కర్లేని పని ఒకటుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మరబోట్లకు బయో టాయిలెట్ పెట్టుకునే సాయం 2020 నుంచే ఉంది. చిక్కంతా ఎక్కడంటే, దరఖాస్తు పెట్టాల్సింది యజమాని, సబ్సిడీ పోగా మిగతా డబ్బు పెట్టాల్సిందీ ఆయనే. వాడుకునేది మాత్రం కలాసీ. తను వేటకెళ్లని యజమానికి ఇది అర్జెంటు పనిగా ఎందుకు కనిపిస్తుంది? కాబట్టి దీన్ని ఇష్టానికి వదిలేయకండి. సబ్సిడీ వాటా పెంచండి, మరుగుదొడ్డి, పడక, సరిపడా మంచినీళ్ల ట్యాంకు ఉంటేనే లైసెన్సు రెన్యువల్ అని రాష్ట్రాలతో కలిసి నిబంధన తెండి.

ఎప్పుడు బిగించాలన్న సమస్య కూడా లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మా దగ్గర మృగశిర కార్తె నాడు ఇంటింటా చేపల కూర వండుకునే రోజుకు అక్కడ మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. రంగులు, రిపేర్లు ఎలాగూ అప్పుడే చేయిస్తారు. మరుగుదొడ్డి కూడా అప్పుడే బిగించొచ్చు. తనిఖీకి వచ్చే అధికారి ఇంజను, కాగితాలు చూసి దిగిపోకుండా కలాసీలు పడుకునే గదిలోకి కూడా వెళ్లి చూడాలని ఆదేశించండి. వచ్చే నిషేధ కాలానికి ముందే ఉత్తర్వు ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
పాకాల ప్రాంత మత్స్యకారుడు