మా డాక్ డెమో తప్పు: కొన్నవాళ్లకూ, కొనబోయేవాళ్లకూ నాలుగు మాటలు

మా దగ్గర డాక్ (DAC, అంటే ఫోన్, టీవీ, ల్యాప్‌టాప్‌ల డిజిటల్ పాటని యాంప్లిఫయర్‌కి పనికొచ్చేలా మార్చే పెట్టె) కొన్నవాళ్లకీ, కొందామని అడుగుతున్నవాళ్లకీ ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ మేం కౌంటర్ దగ్గర వినిపించిన డెమో సరైంది కాదు. కావాలని చేసింది కాకపోయినా, దాన్ని నమ్మి కొందరు అక్కర్లేని సరుకు పట్టుకెళ్లారు.

ఒకే యాంప్లిఫయర్, ఒకే జత స్పీకర్లు. ముందు ఫోన్‌కి వేలెడంత డాంగిల్ (అదీ ఓ బుల్లి డాకే) తగిలించి పాట పెట్టేవాళ్లం. తర్వాత అదే పాట టేబుల్ మీదున్న పెద్ద డాక్ నుంచి. "గొంతు ముందుకొచ్చింది, బేస్ నిండుగా ఉందండీ" అనేవారు అందరూ. నాకూ అలాగే వినిపించేది. ఈమధ్య ఒకాయన మల్టీమీటర్ జేబులో వేసుకొచ్చి, "ఒకసారి వోల్టేజీ చూద్దామా?" అన్నారు. టెస్ట్ టోన్ పెట్టి చూస్తే డాంగిల్ 1 వోల్టు ఇస్తోంది, డాక్ 2 వోల్టులు ఇస్తోంది. అంటే డాక్ ఏకంగా 6 డెసిబెల్స్ గట్టిగా మోగుతోంది. గట్టిగా వినపడేదే చెవికి బాగుందనిపిస్తుంది. మేం ఇన్నాళ్లూ వినిపించింది నాణ్యత కాదు, వాల్యూమ్!

ఆ సాయంత్రం షట్టర్ సగం దించి, రెండిటి వోల్టేజీ సమానం చేసి మళ్లీ విన్నాం. ఇన్‌పుట్ మార్చే పని మా తమ్ముడిది, చెప్పే పని నాది, మధ్యలో అడ్డంగా స్పీకర్ అట్టపెట్టె. ఏది మోగుతోందో నేను చెప్పిన జవాబులు బొమ్మా బొరుసూ వేసినట్టే ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఇదే వ్యాపారంలో ఉన్నవాణ్ణి, కాస్త సిగ్గేసింది.

అలాగని డాక్ దండగ అనడం లేదు. ఫైల్‌లోని అంకెల్ని యాంప్లిఫయర్‌కి అర్థమయ్యే కరెంటు అలలుగా మార్చే పని ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. కాకపోతే ఆ పని చేసే చిప్పు మీ టీవీలో, ల్యాప్‌టాప్‌లో, బ్లూటూత్ స్పీకర్‌లో ఇప్పటికే ఉంది. మీ యాంప్లిఫయర్ వెనక ఆప్టికల్ లేదా యూఎస్‌బీ ఆడియో ఇన్‌పుట్ ఉంటే అందులోనూ ఉన్నట్టే. దాని ముందు ఇంకో డాక్ పెట్టడం వడకట్టిన నీళ్లని మళ్లీ వడకట్టడమే.

మరి ఎవరికి కావాలి? యాంప్లిఫయర్ పాతదై వెనక ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు మాత్రమే ఉండి, టీవీకేమో ఆప్టికల్ అవుట్ ఒక్కటే ఉన్నవాళ్లకి తప్పదు. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌లో మౌస్ కదిపినప్పుడల్లా జుయ్‌మని వినపడేవాళ్లకీ పనికొస్తుంది. హెడ్‌ఫోన్లలో చాలినంత వాల్యూమ్ రావట్లేదనేవాళ్లకి కావాల్సింది డాక్ కన్నా హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్. టర్న్‌టేబుల్‌కి డాక్ కావాలా అని వారానికొకరైనా అడుగుతారు. అక్కర్లేదు, దానికి కావాల్సింది రికార్డు సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీయాంప్.

పెట్టె మీద 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ అని మెరిసే అంకెల్ని చూసి ఎంచుకోకండి. 1982లో వచ్చిన సీడీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. దాంట్లో 22 కిలోహెర్ట్జ్ దాకా స్వరాలు పడతాయి, మన చెవి 20 దాటి వినలేదు, వయసు పైబడితే అంత కూడా వినదు. మీరు చూడాల్సింది పెట్టె ముందు వైపు కాదు, డాక్ వెనక వైపు: మీకు కావాల్సిన సాకెట్ ఉందా? వాల్యూమ్ నాబ్ ఉందా? యాక్టివ్ స్పీకర్ల (యాంప్లిఫయర్ లోపలే ఉన్నవాటి) వాల్యూమ్ నాబ్ వాటి వెనకే ఉంటే, ప్రతిసారీ వంగి తిప్పలేక విసుగొస్తుంది. అప్పుడు డాక్ మీద నాబ్ ఉండటం ఎంత సుఖమో వాడినవాళ్లకే తెలుసు.

"డాక్ చచ్చిపోయింది" అని వెనక్కొచ్చినవాటి సంగతి. వాటిలో చాలావాటికి ఏ జబ్బూ లేదు. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్ ఆటో అనో, బిట్‌స్ట్రీమ్ అనో ఉంటే టీవీ డాల్బీ సిగ్నల్ పంపుతుంది. మామూలు స్టీరియో డాక్‌కి ఆ భాష రాదు, నోరు మూసుకుని కూర్చుంటుంది. అక్కడే పీసీఎం (మామూలు స్టీరియో డిజిటల్ సిగ్నల్) అని మార్చండి, పలుకుతుంది. ఇది అమ్మేటప్పుడే చెప్పాల్సింది మేమే, చెప్పలేదు. ఇకనుంచి ప్రతి పెట్టెలో ఓ చీటీ ఉంటుంది.

రెండో ఫిర్యాదు గుయ్యిమనే మోత. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగిపోతే దాదాపుగా అది గ్రౌండ్ లూప్ (ఎర్త్ వైర్ల దారిన చుట్టూ తిరిగే కరెంటు), డాక్ తప్పు కాదు. ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేది వెలుగు కాబట్టి ఆ దారిన మోత రాదు. ల్యాప్‌టాప్‌కి ఆప్టికల్ లేకపోతే, ఆ కరెంటు దారిని తెంపే యూఎస్‌బీ ఐసొలేటర్ మధ్యలో పెట్టుకోవచ్చు. ఖరీదైన డాక్‌కి మారితే పోతుందని మేం ఇద్దరికి చెప్పాం. పోలేదు. వాళ్లకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను.

ఇక మీదట డాక్ అడిగితే ముందు మీ యాంప్లిఫయర్ వెనకవైపు ఫోటో చూపించమంటాం, విసుక్కోకండి. డెమో వోల్టేజీ సమానం చేశాకే ఉంటుంది, మల్టీమీటర్ కౌంటర్ మీదే పెడుతున్నాం, మీరే చూసుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేతిలో ఉన్న డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. స్పీకర్ మారితే తేడా పక్క గదిలో ఉన్నవాళ్లకి కూడా తెలుస్తుంది.

పాత డెమో విని డాక్ కొని, అక్కర్లేదనిపించినవాళ్లు వెనక్కి తెచ్చేయండి. పూర్తి డబ్బు ఇస్తాం, కావాలంటే స్పీకర్లలో సర్దుతాం. అట్టపెట్టె పారేసినా ఫర్వాలేదు, అడాప్టర్ మాత్రం మర్చిపోకండి.