హెరాల్డ్ కారు స్టీరింగ్ కాలమ్‌కు వెల్డింగ్ వద్దు

సంపాదకులకు,

నమస్కారం. యాభై ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలును కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో కల్పించింది. ఒకప్పుడు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కార్లను షెడ్లలో నుంచి బయటికి తీసి బాగుచేయించుకోవాలనుకునే వారికి ఇది మంచి అవకాశం. అయితే ఆ పనిలో యజమానుల శ్రద్ధ అంతా రంగు మీద, క్రోమ్ మెరుపు మీద, ఇంజిన్ మీద ఉంటున్నదే కాని, నడిపే మనిషి ఛాతీకి ఎదురుగా నిలిచే స్టీరింగ్ కాలమ్ మీద, అంటే స్టీరింగ్ చక్రాన్ని మోసే గొట్టం మీద, దానిలో తిరిగే కడ్డీ (షాఫ్ట్) మీద ఉండడం లేదు. పాత సామాన్ల దుకాణంలో దొరికిన కాలమ్ ఏ బండిదో తేల్చుకోకుండా కొనడం, పొడవు కుదరకపోతే కోసి వెల్డింగ్‌తో అతికించడం మెకానిక్ షెడ్లలో మామూలు పనిగా చెలామణి అవుతున్నది. అది ఎందుకు తప్పో, ఎలా చేస్తే సరైనదో పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా దానిని 1961 నుంచి మద్రాసులో తయారుచేసింది. 948 సీసీ ఇంజిన్ ఉన్న ఆ చిన్న కారు, ఇరవై అయిదు అడుగుల వ్యాసంలో చుట్టూ తిరిగిరాగలదని పేరు తెచ్చుకుంది. దానిలో అంతకన్నా గొప్ప సుగుణం మరొకటి ఉన్నా అది ఎవరి నోటా వినబడదు. ఆ కాలపు కార్లలో చాలావాటికి స్టీరింగ్ షాఫ్ట్, స్టీరింగ్ చక్రం నుంచి ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ బాక్సు దాకా ఒకే తిన్నని కడ్డీగా ఉండేది కనుక, ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు అది వెనక్కి దూసుకువచ్చి ఈటెలా డ్రైవరు ఛాతీని పొడిచేది. హెరాల్డ్‌లో ఆ షాఫ్ట్‌ను రెండు ముక్కలుగా చేసి, ఒకదానిలోకి ఒకటి జారేలా అమర్చి, ఆ రెంటినీ ఒక క్లాంప్‌తో (బోల్టులతో బిగించే పట్టుతో) పట్టి ఉంచారు. చక్రాన్ని డ్రైవరు చేతికి అనువుగా ముందుకూ వెనక్కూ జరుపుకోవడానికీ, గట్టి తాకిడి తగిలినప్పుడు పట్టు సడలి కాలమ్ పొట్టిదై పోవడానికీ ఆ క్లాంపే ఆధారం. అమెరికాలో జనరల్ మోటార్స్ తన కార్లలో కుంగిపోయే కాలమ్‌ను ప్రవేశపెట్టింది 1967 మోడళ్లతో. అక్కడి ప్రభుత్వ భద్రతా ప్రమాణాలు దానికి సంబంధించి అమలులోకి వచ్చింది 1968 జనవరి 1న. మన మద్రాసు కారులో అంతకుముందే ఇటువంటి ఏర్పాటు ఉండడం మనం గర్వించదగిన సంగతి. ఆ జారే కీలును వెల్డింగ్‌తో బిగించేస్తే, హెరాల్డ్ రూపకర్తలు తప్పించిన ఈటెను మనమే మళ్లీ తయారుచేసినట్లవుతుంది.

కనుక పాత కాలమ్ కొనేటప్పుడు మొదట చేయవలసింది గుర్తింపు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల అమ్మేవారు మంచి మనసుతోనే ‘హెరాల్డ్‌దే’ అని చెప్పవచ్చు. కాని హెరాల్డ్, దాని తరువాత వచ్చిన స్టాండర్డ్ వారి గెజెల్, ఇంగ్లండు నుంచి అరుదుగా వచ్చే ట్రయంఫ్ స్పోర్ట్స్ కారు స్పిట్‌ఫైర్ కాలమ్‌లు పైపై చూపుకు ఒకలాగే ఉంటాయి. తన బండిలోని పాత కాలమ్‌ను విప్పి వెంట తీసుకువెళ్లి పక్కపక్కన పెట్టి చూడడమే నమ్మదగిన మార్గం. బయటి గొట్టం పొడవు, వ్యాసం కొలవాలి. స్టీరింగ్ చక్రం ఎక్కే చోట షాఫ్ట్ చుట్టూ ఉండే స్ప్లైన్ పళ్లను (చక్రం జారకుండా పట్టే గాళ్లను), మొదలుపెట్టిన చోట ఒక గీత గీసుకుని లెక్కపెట్టాలి. అన్ని కాలాల ట్రయంఫ్ చక్రాలకూ పళ్లు ఒకటి కావు, సుమారుగా ఎక్కిందని నట్టు బిగిస్తే పళ్లు నలిగి ఒకనాడు చక్రం చేతిలో ఊరికే తిరుగుతుంది. తర్వాతి స్పిట్‌ఫైర్ కాలమ్‌లకు ఇగ్నిషన్ తాళం కాలమ్ మీదనే ఉంటుంది కనుక వాటిని వేరుచేయడం తేలిక. అడుగున రబ్బరు కప్లింగ్ (షాఫ్ట్‌ను కింది స్టీరింగ్ భాగంతో కలిపే ముక్క) బిగిసే కొసనూ, ఇండికేటర్ స్విచ్ కూర్చునే చోటునూ కూడా పోల్చుకోవాలి.

గుర్తింపు కుదిరినంత మాత్రాన అది వాడదగినదని కాదు. షాఫ్ట్ ముక్కలను విడదీసి, తుప్పూ గ్రీజూ పూర్తిగా కడిగి, వి బ్లాకుల (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద తిప్పుతూ డయల్ గేజ్‌తో (చిన్న తేడానూ ముల్లుతో చూపే కొలత పరికరంతో) వంకర చూడాలి. ఈ పని ఏ మంచి లేత్ షాపులోనైనా కొద్దిసేపట్లో చేసిపెడతారు. పాత రంగు కింద వెల్డింగ్ అతుకు దాగి ఉండవచ్చు కాబట్టి గరుకు కాగితంతో రంగు తీసేయకుండా నిర్ణయానికి రాకూడదు. క్లాంప్‌లోని గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) నొక్కే చోట లోపలి ముక్క మీద లోతైన గుంట పడినా, పళ్లు మెలితిరిగినట్లు కనిపించినా, పగులు ఉన్నదన్న అనుమానం డై పరీక్షలో (రంగు ద్రవం పూసి సన్నని పగుళ్లను చూసే పరీక్షలో) నిజమైనా ఆ ముక్కను పక్కన పడేయవలసిందే. వంగిన షాఫ్ట్‌ను కాల్చి సుత్తితో సరిచేస్తామనే వారి మాట వినకండి. ఒకసారి వేడికి గుణం మారిన ఉక్కు మళ్లీ ఎప్పుడు విరుగుతుందో బయటికి తెలియదు.

మిగిలినది ఓపికతో చేసుకునే పని. బయటి గొట్టంలో షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్‌లు అరిగితే చక్రం పైకీ కిందికీ ఊగుతుంది. చాలామంది దానిని స్టీరింగ్ ర్యాక్ (ముందు చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) లోపమని భ్రమపడి అనవసరంగా ర్యాక్ విప్పిస్తారు. ఆ బుష్‌ల రబ్బరు బుడిపెలు గొట్టానికి ఉన్న రంధ్రాల్లో సరిగ్గా కూర్చోవాలి. వాటికి మామూలు ఇంజిన్ ఆయిల్ పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది, సిలికాన్ గ్రీజు వాడాలి. రబ్బరు కప్లింగ్ నెర్రెలిస్తే కొత్తది వేయాలి. కప్లింగ్‌ను దాటుతూ ఒక చిన్న ఎర్త్ తీగ ఉంటుంది. అది వేయడం మరిచిపోతే హారన్ మోగదు, ఎందుకంటే రబ్బరు విద్యుత్తును పోనివ్వదు. చివరగా ముందు చక్రాలు తిన్నగా ఉంచి, స్టీరింగ్ చక్రాన్ని అమర్చి, రెండు ముక్కలూ ఒకదానిలోకి ఒకటి తగినంత దూరి ఉన్నాయని చూసుకుని, క్లాంప్ బోల్టులూ గ్రబ్ స్క్రూ దాని లాక్ నట్టూ బిగించాలి. కొన్నాళ్లు నడిపాక ఈ బిగింపును మళ్లీ తప్పక పరీక్షించాలి. ట్రయంఫ్ కార్ల అభిమానుల పుణ్యమా అని బుష్‌లు, కప్లింగ్‌లు ఇంగ్లండులో ఈనాటికీ కొత్తవి తయారవుతున్నాయి కనుక, దొరకలేదన్న సాకుతో వెల్డింగ్‌కు దిగవలసిన అవసరం లేదు.

వింటేజ్ నమోదు నిబంధన ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండరాదని అంటున్నది. స్టీరింగ్ ఊసు అందులో విడిగా లేదు. నమోదుకు వచ్చిన హెరాల్డ్ కారును చూసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లు డ్యాష్‌బోర్డు కిందికి ఒక టార్చ్ వేసి, క్లాంప్ యథాతథంగా ఉందా, అక్కడ వెల్డింగ్ అతుకు ఉందా అని చూడాలని మనవి. రెండు రాష్ట్రాల రవాణా శాఖలు ఈ మేరకు ఆదేశాలిస్తే చాలు, కొత్త చట్టం అక్కరలేదు. పాత కార్ల ర్యాలీలు నిర్వహించేవారు కూడా ఇదే తనిఖీని ప్రవేశానికి షరతుగా పెట్టాలి. పాత బండ్లను విడదీసే తుక్కు కేంద్రాల వారు కాలమ్‌ను ఇనుప కుప్పలో కలపకుండా, ఏ మోడల్ నుంచి ఏ సంవత్సరపు బండి నుంచి తీశారో ఒక చీటీ కట్టి ఉంచితే, కొనేవారికి గుర్తింపు కష్టం సగానికి సగం తగ్గుతుంది.

ఇట్లు,
పాత కార్ల పునరుద్ధరణలో ఆసక్తి గల ఒక పాఠకుడు,
విజయవాడ