తెల్లబట్ట అంటే అన్నీ ఒకటే కాదు

సంపాదకుడు గారికి,

మా వదిన నాట్లకు పోయొచ్చి రాత్రంతా తెల్లబట్టతో, దురదతో నిద్ర లేక కూర్చునేది, అడిగితే "వేడి చేసింది, మజ్జిగ తాగితే తగ్గుతది" అనేది. మెడికల్ షాపులో ఎవరితోనో తెప్పించుకున్న ట్యూబు నెలరోజులు రాసింది. మంట ఇంకా పెరిగింది. అట్ట మీద చూస్తే అందులో స్టెరాయిడ్ కలిసి ఉంది! చివరికి నల్లగొండ తీసుకుపోతే లేడీ డాక్టర్ ముందు షుగర్ పరీక్ష రాసింది, అది ఎక్కువగా ఉంది, ఫంగస్ మళ్లీ మళ్లీ రావడానికి అదీ ఒక కారణమట.

తెల్లబట్ట పెరుగు విరిగినట్టు గడ్డలుగా, దురదతో ఉంటే ఎక్కువగా ఫంగస్, దానికి క్లోట్రిమజోల్ లాంటి మందులు. పలుచగా, బూడిద రంగులో చేపల వాసన వస్తే బ్యాక్టీరియా వల్ల, దానికి మెట్రోనిడజోల్. పసుపుపచ్చగా నురగలా వస్తే ట్రైకోమోనాస్ (కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకునే క్రిమి) కావచ్చు, అప్పుడు భర్త కూడా మందు మింగాలి, మన మగవాళ్లు ఇక్కడే మొహం చాటేస్తారు. కానీ రంగు చూసి ఎవరికి వారు తేల్చుకోవద్దు, పరీక్ష కావాలి. కడుపుతో ఉన్నవాళ్లు, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నవాళ్లు అసలు ఆగొద్దు. లోపల సబ్బుతో కడగడం కూడా తప్పే, అక్కడి మంచి బ్యాక్టీరియా పోతుంది.

పీహెచ్‌సీల్లో కనీసం వారానికి ఒకరోజు లేడీ డాక్టర్‌ను, పరదా ఉన్న గదిని ఇవ్వండి. నలుగురి ముందు "ఏం తల్లీ, ఏమైంది?" అని అడిగితే ఎవరు చెప్తారు?

– ఒక పాఠకురాలు, దేవరకొండ