తెరిచిన పెట్టె

ఫ్రీమాంట్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ కోటీ,

నిన్న నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "నా వల్ల నీకు 195 డాలర్లు చేతిచమురు వదిలిందిరా" అని నువ్వు అంటుంటే, వెనకాల నుంచి చెల్లెమ్మ "ఆ డబ్బులేవో పంపించేయండి" అనడం కూడా వినపడింది. పెళ్ళి ఫోటోలు తీసే నీకోసమని కొన్న లెన్సు తిరిగిచ్చేటప్పుడు కొట్టువాళ్ళు కోసుకున్న డబ్బే కదా అది. పంపొద్దు. పంపినా నేను తీసుకోను. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే సగంలోనే "సర్లే, సర్లే" అని మాట మార్చేస్తావు. అందుకే ఇవాళ పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు. చివర్లో నీతో ఒక పని కూడా ఉంది.

ముందు ఆ లెన్సు సంగతి. నీ పాత కానన్ 24-105 జూమ్ లెన్సు తలంబ్రాల వేళ ఎర్రర్ 01 అని చూపించి ఆగిపోయిందన్నావు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదేళ్ళుగా నీ చేతిలో ఉన్న లెన్సు అది. జూమ్ లేని 50 ఎంఎం లెన్సు తగిలించుకుని పెళ్ళంతా వెనక్కీ ముందుకీ పరుగెత్తానని చెప్పావు. అది విన్నాకే నేను తొందరపడ్డాను. మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా కెమెరా కొట్టుకి వెళ్ళి 24-105 ఉందా అని అడిగాను. ఉందన్నారు. నీ దగ్గరున్న కెమెరా పాత మార్క్ త్రీ అని నేను చెప్పలేదు, ఏ కెమెరా బాడీకి అని ఆ కుర్రాడూ అడగలేదు. 1,300 డాలర్లు, పన్ను వేరే. బిల్లు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి నీకు వీడియో కాల్ చేసి పెట్టె తెరిచాను గుర్తుందా? నేను లెన్సు అటూ ఇటూ తిప్పి చూపిస్తుంటే నీ మొహం వెలిగిపోయింది. వెనక మూత తీయగానే ఆ వెలుగు కాస్తా పోయింది. "అరే, అక్కడ ఎర్రచుక్క ఉండాలిరా, గీత ఉందేంటి?" అన్నావు. ఆ ఒక్క గీతతో అంతా తేలిపోయింది. చుక్క ఉంటే పాత కెమెరాలకి పట్టే ఈఎఫ్ లెన్సు, గీత ఉంటే కొత్తవాటికి చేసిన ఆర్ఎఫ్ లెన్సు. నీ మార్క్ త్రీలో లెన్సు తగిలించే మౌంటు నుంచి బొమ్మ పడే సెన్సారుకి 44 మిల్లీమీటర్ల దూరం. లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ బాడీల్లో అది 20 మిల్లీమీటర్లే. అందుకని పాత లెన్సుని అడాప్టరుతో కొత్త బాడీకి తగిలించుకోవచ్చు కానీ, కొత్త లెన్సుని పాత బాడీకి పెట్టే దారే లేదని నువ్వు వివరంగా చెప్పావు. ఆ మాటలు కొట్లో నిలబడ్డప్పుడే నిన్ను అడిగి ఉండాల్సింది.

పోయిన వారం శనివారం పొద్దున్నే తిరిగివ్వడానికి వెళ్ళాను. కౌంటర్లో ఉన్న పెద్దాయన మర్యాదస్తుడు. పెట్టెలోంచి ఒక్కొక్కటీ తీసి నల్లటి గుడ్డ మీద వరసగా పేర్చాడు. లెన్సు, ముందు మూత, వెనక మూత, హుడ్డు, సంచి, కాగితాలు. లెన్సుని దీపం కింద పెట్టి ముందు అద్దం, వెనక అద్దం చూశాడు. జూమ్ రింగు చివరిదాకా తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పాడు. సీరియల్ నంబరు బిల్లుతో సరిచూశాడు. మౌంటు దగ్గర రాపిడి గీతలేమైనా ఉన్నాయేమో వేలితో తడిమాడు. ఏమీ లేవు, అది ఏ బాడీకీ ఎక్కలేదు కదా. అన్నీ అయ్యాక, "తెరిచిన పెట్టె కాబట్టి 15 శాతం రీస్టాకింగ్ ఫీజు పడుతుంది" అన్నాడు. నేను బతిమాలాను. పెట్టె తెరిచి ఉంచింది పది నిమిషాలు కూడా లేదని, ఒక్క ఫోటో తీయలేదని చెప్పాను. ఆయన ఏమీ అనకుండా గల్లాపెట్టె పక్కనున్న బోర్డు చూపించాడు. స్పష్టంగా రాసి ఉంది. కొన్నరోజు నేను ఆ బోర్డు ముందే నిలబడి కార్డు గీకాను.

ఇంటికొచ్చాక కోపంతో ఇక్కడి చట్టం చూశాను. కాలిఫోర్నియాలో సివిల్ కోడ్ 1723 అని ఒక సెక్షన్ ఉంది. కొన్న 7 రోజుల్లోపు తెస్తే పూర్తి డబ్బు వెనక్కిచ్చే కొట్టుకి ఏ బాధా లేదు. అలా ఇవ్వని కొట్టు మాత్రం తన షరతుల్ని కొనేవాడికి కనపడేలా గల్లా దగ్గరో, గుమ్మం దగ్గరో, వస్తువుకి కట్టిన చీటీ మీదో పెట్టాలి. పెట్టకపోతే 30 రోజుల్లోపు తెచ్చిన వస్తువుకి డబ్బు తిరిగివ్వాలి. వీళ్ళు పెట్టారు. కాబట్టి ఆ 195 న్యాయంగానే పోయిందిరా. నువ్వు మోడల్ సరిగ్గానే చెప్పావు, చూసుకోనిది నేను. నీ డబ్బు ఎందుకు తీసుకోనంటున్నానో ఇప్పుడు అర్థమైందా?

వాళ్ళు ఆ ఫీజు ఎందుకు వేస్తారో కూడా ఆలోచించాను. ఒకసారి తెరిచిన పెట్టెని మళ్ళీ కొత్తదని అమ్మకూడదు. ఎవరో ఒకరు కూర్చుని పరీక్ష చేయాలి, మళ్ళీ సర్దాలి, ఓపెన్ బాక్స్ అని చీటీ అంటించి ధర తగ్గించి అమ్మాలి. ఇంకోటి, ఇది నీకే బాగా తెలుస్తుంది. శుక్రవారం కెమెరా కొని, శనివారం పెళ్ళి షూట్ చేసి, సోమవారం "నచ్చలేదు" అని తిరిగిచ్చేసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. ఫుట్‌బాల్ ఫైనల్‌కి ముందు పెద్ద టీవీ కొని, ఆట అయ్యాక మోసుకొచ్చి పడేసేవాళ్ళూ ఉన్నారు. అద్దె కట్టకుండా వాడుకోవడమే కదా అది. ఆ నష్టం కొట్టువాడు ఎవరి నెత్తిన వేయాలి? అందుకని ఫీజు ఉండటం తప్పని నేననను. కాకపోతే 1,300 డాలర్లు తీసుకునేటప్పుడు "ఇది తెరిస్తే 15 శాతం పోతుందండీ, మౌంటు చూసుకున్నారా" అని ఒక్క మాట నోటితో చెప్పాలి. బోర్డు పెట్టడంతో చట్టం దగ్గర బాధ్యత తీరుతుందేమో గానీ మనిషి దగ్గర తీరదు. మన తెనాలి బట్టల కొట్లో "జాకెట్టు ముక్క కత్తిరించాక వాపసు లేదమ్మా" అని కత్తెర పెట్టేముందే చెప్పేవాళ్ళు గుర్తుందా?

అమెరికాలో ఏం కొన్నా వెనక్కి తీసుకుంటారని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి నచ్చలేదన్న కారణానికి కొట్టు డబ్బు తిరిగివ్వాలని దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. 3 రోజుల్లో రద్దు చేసుకోవచ్చనే నిబంధన ఒకటుంది కానీ, అది ఇంటికొచ్చి అమ్మేవాళ్ళ విషయంలో. మనంతట మనం కొట్టుకెళ్ళి కొన్నదానికి పనికిరాదు. మిగతాదంతా ఏ కొట్టు నియమం ఆ కొట్టుదే. యాపిల్ వాళ్ళు 14 రోజులు ఇస్తారు. కాస్ట్‌కో టీవీలకీ కంప్యూటర్లకీ కెమెరాలకీ 90 రోజులు ఇస్తుంది. 2007కి ముందు వాళ్ళు ఎన్నేళ్ళకైనా వెనక్కి తీసుకునేవాళ్ళు. బెస్ట్ బై చాలా వస్తువుల మీద ఈ రీస్టాకింగ్ ఫీజుని 2010 డిసెంబరులో ఎత్తేసింది, కొన్నిటి మీద మాత్రం ఉంచింది. నేను కొన్న కొట్టు వీటిలో ఏదీ కాదులే. ఇప్పుడు నేను ఏ ఎలక్ట్రానిక్ వస్తువు కొన్నా ముందు మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఎన్ని రోజుల్లోపు తేవచ్చు? తెరిస్తే ఎంత కోస్తారు? వస్తువులో లోపం ఉంటే కూడా కోస్తారా? మూడోదానికి చాలాచోట్ల లేదనే చెబుతారు. కానీ చెప్పించుకోవడం మంచిది.

ఇండియాకి తీసుకెళ్ళే వస్తువులతో ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. థాంక్స్‌గివింగ్ సేల్లో ల్యాప్‌టాపో ఫోనో కొని, పెట్టె సీలు తీయకుండా సూట్‌కేసులో దాచి, జనవరిలో ఇంటికి మోసుకెళ్తారు. అక్కడ తెరిచి చూస్తే స్క్రీన్ మీద గీత. గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది, మార్చుకోవాల్సిన కొట్టు 8,000 మైళ్ళ అవతల. వారంటీ ఇక్కడికే పరిమితమైతే అదీ పనికిరాదు. సీలు తీస్తే కొత్తదనం పోతుందని జంకుతారు గానీ, విమానం ఎక్కేముందు ఇక్కడే తెరిచి, చార్జింగ్ పెట్టి రెండు రోజులు వాడి చూడాలి.

ఇప్పుడు నీ హార్డ్ డిస్క్ సంగతికి వస్తాను. నా లెన్సు కన్నా ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. విజయవాడలో 6,400 పోసి కొన్నావు. ఆరో రోజుకే టకటకమని చప్పుడు చేస్తూ ఫైళ్ళు కనపడకుండా పోయాయి. కెమెరా మెమరీ కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి ఆ పెళ్ళివాళ్ళ ఫోటోలు దక్కాయి. అది తీసుకుని నువ్వు బస్సెక్కి వెళ్తే, కొట్టతను బిల్లు మీద ముద్ర చూపించాడు: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." పైగా పిన్ని పెట్టె మీద పెట్టిన కుంకుమ బొట్టు చూపించి "పెట్టె పాడైంది, కంపెనీ తీసుకోదు, సర్వీస్ సెంటరుకి పో" అన్నాడు. నువ్వు మారు మాట్లాడకుండా వచ్చేశావు. ఎందుకొచ్చావురా? ఏ కొత్త వస్తువొచ్చినా పిన్ని దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెడుతుంది. చిన్నప్పుడు మన సైకిళ్ళకీ పెట్టింది. పాడైంది డిస్క్, అట్టపెట్టె కాదు.

నాది మౌంటు కుదరని మంచి లెన్సు, నీది పాడైన వస్తువు. ఈ రెండూ ఒకటి కావు. నచ్చలేదంటే వెనక్కి తీసుకోవాలని మన దేశంలోనూ చట్టం అనదు. కానీ లోపం ఉన్న వస్తువు విషయంలో మన చట్టం నీ పక్షాన గట్టిగా నిలబడుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 2(47) చదివాను. లోపం ఉన్న సరుకుని వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. దానికి గడువు బిల్లులో రాసినంత. బిల్లులో ఏమీ రాయకపోతే 30 రోజులు. "వాపసు లేదు" అనే ముద్ర గడువెలా అవుతుంది? నువ్వు కొని ఇవాళ్టికి 17 రోజులు. ఇంకా 13 ఉన్నాయి.

అందుకని రేపు పొద్దున్నే 1915కి ఫోన్ చెయ్యి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడవచ్చు. బిల్లు ఫోటో, డిస్క్ సీరియల్ నంబరు దగ్గర పెట్టుకో. వాళ్ళు కొట్టుకీ కంపెనీకీ ఫిర్యాదు పంపుతారు. చాలా సంగతులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కొన్నది విజయవాడలోనైనా, నువ్వు ఉండేచోటే కేసు వేసుకోవచ్చని కొత్త చట్టంలో రాశారు. అంటే గుంటూరులోనే వేయవచ్చు, దాని కోసం విజయవాడ తిరగక్కర్లేదు. ఇంకో మాట, ఆ డిస్క్ చప్పుడు చేస్తుండగా ఒక వీడియో తీసి పెట్టు. ఇకమీదట ఆన్‌లైన్లో ఏది కొన్నా పెట్టె కోసే దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తియ్యి. పార్సెల్ మీది చీటీ, సీలు, సీరియల్ నంబరు అన్నీ ఒకే షాట్‌లో పడాలి. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ తీసేవాడివి, నీకు నేను చెప్పాలా?

నీకు ఇంకో లెన్సు దొరికింది. ఈఎఫ్ 24-105, రెండో వెర్షన్, వాడినదే కానీ శుభ్రంగా ఉంది. ఈసారి వేరే కొట్టు. జేబులో చెయ్యి పెట్టకముందే షరతులు అడిగాను. 30 రోజులు, తెరిచినా వాడినా ఏమీ కోయరు. వెనక మూత తీయించి ఎర్రచుక్క నా కళ్ళతో చూసుకున్నాకే డబ్బిచ్చాను. పక్కవీధి స్నేహితుడి దగ్గర నీలాంటి బాడీయే ఉంటే తెచ్చి, రెండు రోజులుగా పెరట్లో మా చిన్నదాన్ని నిలబెట్టి అన్ని ఎపర్చర్లలోనూ తీస్తున్నాను. ఎర్రర్ ఒక్కసారి కూడా రాలేదు. ఫైళ్ళు పంపిస్తున్నాను. జూమ్ 105 దగ్గర పెట్టినప్పుడు ఫోటో మూలల్లో ఎలా ఉందో నీ కంటితో చూసి చెప్పు, నాకంత తెలియదు. బాలేదంటే మార్చేద్దాం, గడువు ఇంకా 26 రోజులుంది. బావుందంటే 12వ తారీకున మా బావమరిది గన్నవరంలో దిగుతున్నాడు, అతని చేతికిచ్చి పంపిస్తాను.

లెన్సు అందాక పిన్నిని తృప్తిగా బొట్టు పెట్టనీ. 1915 వాళ్ళు ఏమన్నారో రేపు రాత్రికల్లా చెప్పు, ఆ బిల్లు ఫోటో నాకూ ఒకటి పెట్టు.

నీ
రాఘవ