హోం మంత్రి గారూ, ఆ జాబితాను బజారున పెట్టకండి

ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి శ్రీమతి వంగలపూడి అనిత గారికి,

నమస్కారాలు.

చిన్నపిల్ల మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త వచ్చిన మర్నాడే రెండు డిమాండ్లు లేస్తాయి. శిక్షపడినవాళ్ళ ఫొటోలు, అడ్రసులు నెట్‌లో పెట్టాలని ఒకటి. వాళ్ళను బడుల దరిదాపుల్లో కాపురం ఉండనివ్వకూడదని ఇంకొకటి. 2019 డిసెంబరులో మన శాసనసభ ఆమోదించిన దిశ బిల్లుల్లో మొదటిది ఉండనే ఉంది. మహిళలపై, పిల్లలపై నేరాలు చేసినవాళ్ళ రిజిస్టరును జనమంతా చూసేలా పెడతామన్నారు. కేంద్రం ఆమోదం రాక అది అమల్లోకి రాలేదు. రేపు మీరు కొత్త చట్టం తెస్తే ఆ క్లాజును మళ్ళీ ఎత్తి రాయవద్దని కోరుతున్నాం. కోర్టులో మేం నిలబడేది పిల్లల పక్షాన, ఈ మాట అంటున్నదీ వాళ్ళ కోసమే.

ఆ జాబితాలో ఒక్క వరస ఎలా ఉంటుందో చూడండి. పేరు, తండ్రి పేరు, ఫొటో, డోర్ నంబరు, శిక్షపడిన సెక్షన్. సెక్షన్ గడిలో ‘పోక్సో 5(ఎన్), 6’ అని ఉందనుకుందాం. పోక్సో అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం. రక్తసంబంధీకుడో, మారుతండ్రో, ఒకే ఇంట్లో ఉంటున్న మనిషో బిడ్డపై చేసిన నేరమే 5(ఎన్). విశాఖలో కంచరపాలెంలోనో పెదగంట్యాడలోనో ఆ ఇల్లు ఎరిగినవాళ్ళకు ఆ బిడ్డ ఎవరో వేరే చెప్పాలా? బాధిత బిడ్డ ఎవరో తెలిసేలా రాస్తే పోక్సో 23వ సెక్షన్ కింద విలేకరిని జైలుకు పంపవచ్చు. అదే పని ప్రభుత్వ వెబ్‌సైటు చేస్తే? పోనీ సెక్షన్ గడి తీసేస్తామంటే, ఇంట్లో పిల్లను చెరిచినవాడూ బస్సులో అల్లరి చేసినవాడూ ఒకే వరసలో కనిపిస్తారు. అప్పుడు ఆ జాబితా ఎవరికీ ఏమీ చెప్పదు.

అత్యాచారం కేసుల్లో 95 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. బాబాయి, పక్కింటాయన, ట్యూషన్ మాస్టారు. ఇలాంటి కేసుల్లో తల్లి మీద ఒత్తిడి ఇప్పటికే మామూలుగా ఉండదు. పరువు పోతుందంటారు, ఇంటద్దె ఎవరు కడతారంటారు, చివరికి సాక్ష్యం మార్పించేస్తారు. ఇంటి అడ్రసు నెట్‌లో ఉండిపోతుందని కూడా తెలిస్తే స్టేషన్ మెట్లెక్కేవాళ్ళు ఇంకా తగ్గుతారు. ఇంకో సంగతి, జాబితాలోకి ఎక్కేది శిక్షపడినవాళ్ళే. 2022లో అత్యాచారం కేసుల్లో శిక్షల శాతం దేశం మొత్తం మీద 27 చిల్లర. తీర్పు రాని కేసుల్లో బెయిలు మీద ఊళ్ళో తిరుగుతున్నవాళ్ళు అందులో కనిపించరు.

ఇక దూరం సంగతి. అమెరికాలో అయోవా రాష్ట్రం 2002లో, పిల్లలపై లైంగిక నేరాలకు శిక్షపడినవాళ్ళు బడికి 2,000 అడుగుల లోపు నివాసం ఉండకూడదని చట్టం చేసింది. కోర్టు గొడవలు తేలి 2005లో గట్టిగా అమలు మొదలయ్యాక, పోలీసులకు ఆచూకీ తెలియనివాళ్ళ సంఖ్య రెట్టింపు దాటింది. మరుసటి ఏడాది అక్కడి ప్రాసిక్యూటర్ల సంఘమే ఈ నిబంధన తీసేయమంది. ఫ్లోరిడాలోని మయామీలో 2,500 అడుగుల నిబంధన పెడితే, జైలు నుంచి వచ్చినవాళ్ళు ఇల్లు దొరక్క నీళ్ళ మీది వంతెన కింద డేరాలు వేసుకున్నారు. 2010లో ఖాళీ చేయించేదాకా అక్కడే ఉన్నారు. మిన్నెసోటా జైళ్ళ శాఖ 2007లో, విడుదలై మళ్ళీ లైంగిక నేరం చేసిన 224 మంది కేసులు తిరగేసింది. ఇంటికీ బడికీ మధ్య దూరం పెట్టి ఆపగలిగేది వాటిలో ఒక్కటీ లేదని తేల్చింది. పిల్లల దగ్గరకు వాళ్ళు చేరేది ఎక్కువగా పెద్దవాళ్ళ పరిచయాల ద్వారానే, కిటికీలోంచి బడిని చూసి కాదు.

విశాఖ మ్యాపు మీద గీసి చూద్దాం. 2,000 అడుగులంటే 610 మీటర్లు. ఒక్క అంగన్‌వాడీ చుట్టూ ఆ వలయం గీస్తే 1.17 చదరపు కిలోమీటర్లు పోతుంది. 400 నుంచి 800 జనాభాకు ఒక అంగన్‌వాడీ ఉండాలన్నది ప్రమాణం. చదరపు కిలోమీటరుకు పదివేల మంది ఉన్న పేటలో ఆ లెక్కన తక్కువలో తక్కువ 12 కేంద్రాలు. బడులు, పార్కులు, ట్యూషన్లు ఇంకా కలపనేలేదు. అల్లిపురం, డాబాగార్డెన్స్, గాజువాక అన్నీ వలయాల్లోకి వెళ్ళిపోగా మిగిలేవి కంబాలకొండ అడవి, నేవీ స్థలాలు, సముద్రం. జైలు గేటు దాటినవాడు వీటిలో ఎక్కడుంటాడు? దొంగ అడ్రసు ఇస్తాడు, లేదంటే నిఘా పలచగా ఉండే ఏజెన్సీ కొండల్లోకి పోతాడు. అక్కడా పిల్లలున్నారు.

మరి ఏం చేయాలి? 2018 సెప్టెంబరు 20 నుంచి కేంద్రం దగ్గర లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ ఉంది. మొదలైన రోజుకే అందులో 4.4 లక్షల ఎంట్రీలు. చూసేది పోలీసులే, అలాగే ఉండనివ్వండి. కాకపోతే దాన్ని వాడాల్సిన చోట వాడాలి. బడులు, క్రెష్‌లు, ఆటల అకాడమీలు తమ సిబ్బందికి, కాంట్రాక్టువాళ్ళతో సహా, ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో రూల్స్ చెబుతున్నాయి. చిల్లు పడేది ఇక్కడే. టీచరు కాగితాలుంటాయి, వ్యాను డ్రైవరు, క్లీనరు, ఏజెన్సీ పంపిన వాచ్‌మన్‌ల దగ్గర ఆధార్ జిరాక్స్‌తో సరిపెడతారు. ఇప్పుడుంటున్న అడ్రసు స్టేషన్‌లో మాత్రమే రికార్డు చూస్తే ఒడిశాలోని కోరాపుట్‌లో పడిన శిక్ష బయటపడదు. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా మూడు ముక్కలైంది, కాబట్టి పాడేరు, అనకాపల్లి పాత కేసులనూ కలిపి వెతకాలి.

పేరు కొట్టి వెతికితే ఇంకో ప్రమాదం. మన ఉత్తరాంధ్రలో ఒక్కో స్టేషన్ పరిధిలో అప్పలరాజులు ఎందరుంటారో ఏ ఎస్సైని అడిగినా చెబుతారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం. నిజంగా దొరకాల్సినవాడు తప్పించుకుంటాడు, ఏ పాపం ఎరగని డ్రైవరు ఉద్యోగం పోగొట్టుకుంటాడు. అందుకని వేలిముద్రలతోనే సరిచూడాలి, జాతీయ వేలిముద్రల వ్యవస్థ ఉండనే ఉంది. బడికి వెళ్ళే జవాబు ‘పెట్టుకోవచ్చు’, ‘పెట్టుకోకూడదు’ అన్న ఒక్క ముక్కే, కేసు వివరాలు వద్దు. మూడేళ్ళకోసారి మళ్ళీ చూడాలి.

బ్రిటన్‌లో 1997 నుంచి రిజిస్టరు ఉంది. ఇల్లు మారితే 3 రోజుల్లో పోలీసులకు చెప్పాలి. జాబితా జనానికి కనిపించదు. కానీ ఫలానా మనిషి మా పిల్లల దగ్గరకు వస్తున్నాడు, అతని సంగతేమిటని తల్లి అడిగితే, పోలీసులు విచారించి, అవసరమైతే బిడ్డను కాపాడగలిగినవాళ్ళకు మాత్రమే గుట్టుగా చెబుతారు. 2011 నాటికి ఇంగ్లండ్, వేల్స్ అంతటా ఇది వచ్చింది. మహిళా పోలీస్ స్టేషన్ల ద్వారా విశాఖ కమిషనరేట్‌లో ముందుగా పెట్టి చూడవచ్చు.

పేర్లు తీసే పద్ధతి కూడా రాతపూర్వకంగా కావాలి. అప్పీలులో హైకోర్టు కొట్టేసిన శిక్ష డేటాబేస్‌లో అలాగే ఉండిపోకూడదు. తీర్పు కాపీ అందిన 30 రోజుల్లో ఎంట్రీ తీసే బాధ్యత ఫలానా అధికారిదని జీవోలో రాయండి. బాల న్యాయ చట్టం 24వ సెక్షన్ కింద రికార్డు చెరిపేయాల్సిన, మైనరుగా నేరం చేసిన పిల్లల పేర్లు అందులోకి చేరకూడదు. పదిహేడేళ్ళ అమ్మాయితో లేచిపోయి పెళ్ళి చేసుకున్న ఇరవై ఏళ్ళ కుర్రాడి కేసు కూడా పోక్సోయే. అస్సాం, మహారాష్ట్ర, బెంగాల్ కోర్టుల తీర్పులను పరిశీలిస్తే నాలుగింట దాదాపు ఒకటి ఇలాంటి ప్రేమ వ్యవహారమే. వీళ్ళను ఎన్నేళ్ళు జాబితాలో ఉంచాలన్నది స్టేషన్ రైటరు తేల్చే విషయం కాకూడదు. శిక్ష వేసిన జడ్జి గారే తీర్పులో రాసేలా చట్టంలో పెట్టండి, మధ్యలో సమీక్ష కోరే హక్కూ ఇవ్వండి.

ఇట్లు,
విశాఖపట్నంలో పోక్సో కేసుల్లో బాధిత పిల్లల తరఫున పనిచేసే న్యాయవాదులు, సహాయకులు