ఆ ఒక్క గజం

అమ్మలూ,

నువ్వు పంపిన మీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వీడియో నిన్న రాత్రి మూడుసార్లు చూశాను. పడుకోమని చెప్పడానికి రెండుసార్లు వచ్చిన మీ అమ్మ, మూడోసారి తనూ పక్కన కూర్చుండిపోయింది. ఫోన్లోనే చెప్పేద్దామనుకున్నాను గానీ, నువ్వు లెక్కల క్లాసుకీ సాయంత్రం ప్రాక్టీసుకీ మధ్య హడావుడిగా వింటావు. సగం విని "సరే నాన్నా" అంటావు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

నాలుగో డౌన్, అంటే పది గజాలు ముందుకెళ్ళడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది, ఇంకొక్క గజం కావాలి. లేదా గోల్‌లైన్ ఎదురుగా ఉంది, ఇంకొక్క గజమే ఉంది. బంతి ఎవరికివ్వాలి? ఆటంతా పరిగెత్తే 22వ నంబరు కుర్రాడికా, నూటఐదు కిలోల 44వ నంబరు కుర్రాడికా? ఈ శుక్రవారం లోపల నీ అభిప్రాయం చెప్పమని హెడ్ కోచ్ అడిగాడన్నావు. ఆ మాట వినగానే నా కడుపు నిండిపోయింది తల్లీ. 2021లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాషింగ్టన్ జట్టు జెనిఫర్ కింగ్ అనే ఆవిణ్ణి రన్నింగ్ బ్యాక్స్‌కి, అంటే బంతితో పరిగెత్తేవాళ్ళకి, అసిస్టెంట్ కోచ్‌గా తీసుకున్నప్పుడు, నువ్వు కాలేజీ నుంచి ఫోన్ చేసి అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది. అప్పుడు నువ్వు చూసిన దారిలోనే ఇప్పుడు నడుస్తున్నావు.

మనవాళ్ళకి గజమంటే ఇళ్ళ స్థలాల లెక్క. రెండొందల గజాలు, మూడొందల గజాలు అనుకుంటాం. మూడడుగుల ఒక్క గజాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ ఒక్క గజానికి ఎంత విలువుంటుందో నాకు తెలిసింది పిట్స్‌బర్గ్ వచ్చిన మొదటి నెలలో.

2004 సెప్టెంబరు 12, ఆదివారం. మనం ఆ అపార్ట్‌మెంట్‌లో దిగి పది రోజులైంది. నీకప్పుడు ఐదేళ్ళు. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన పై అంతస్తులో ఉండేవాడు, మ్యాచ్ చూడ్డానికి రమ్మన్నాడు. నువ్వు నా ఒళ్ళో నిద్రపోయావు. మన పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కీ ఓక్లండ్ రైడర్స్‌కీ ఆట. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన టీపాయ్ మీద ఉప్పు సీసా, మిరియాల సీసా, బిస్కెట్లు వరసగా పేర్చి, వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ చెప్పుకొచ్చాడు. ఆ రోజు స్టీలర్స్ రన్నింగ్ బ్యాక్ జెరోమ్ బెటిస్‌కి ఐదుసార్లు బంతిచ్చారు. ఐదుసార్లకీ కలిపి అతను ముందుకెళ్ళింది ఒక్క గజం. టచ్‌డౌన్లు, అంటే బంతిని గోల్‌లైన్ దాటించడం, మాత్రం మూడు. స్టీలర్స్ 24-21తో గెలిచింది.

మర్నాడు ఆఫీసులో కూర్చుని ఆ లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను. సగటు చూస్తే బంతి పట్టిన ప్రతిసారీ గజంలో ఐదో వంతు. కాగితం మీద ఇంతకంటే పనికిమాలిన అంకె ఉండదు. కానీ ఆ మూడు టచ్‌డౌన్లు లేకపోతే ఆ ఆట లేదు. మరుసటి ఏడాది, 2005 సీజన్లో, అదే జట్టులో విల్లీ పార్కర్ 1,202 గజాలు పరిగెత్తి 4 టచ్‌డౌన్లు చేస్తే, బెటిస్ 368 గజాలకే 9 చేశాడు. పార్కర్ తక్కువవాడా? ఆ సీజన్ ఫైనల్ సూపర్ బౌల్‌లో 75 గజాలు ఒక్క ఊపున పరిగెత్తినవాడు. ఇద్దరూ చేసే పని వేరు, అంతే. అందుకని ముందుగా చెబుతున్నాను, నీ ల్యాప్‌టాప్‌లో ఉన్న సగటు గజాల పట్టిక ఈ నిర్ణయానికి పనికిరాదు. దాన్ని మూసెయ్.

22 సంగతి చూద్దాం. వాడు నాకు చాలా ఇష్టం. బంతి అందుకోగానే ఒక క్షణం ఆగి, ఎక్కడ సందు తెరుచుకుంటుందో చూసి, అటు దూరతాడు. మైదానం మధ్యలో అది గొప్ప గుణం. గోల్‌లైన్ దగ్గర అదే ముంచుతుంది. ఎందుకంటే అక్కడ అవతలి జట్టుకి వెనకాల కాపాడుకోవలసిన నేల, గోల్‌లైన్ అవతలి ఎండ్ జోన్, పది గజాలే. లోతుగా నిలబడాల్సిన వాళ్ళు కూడా ముందుకొచ్చేస్తారు. పదకొండు మందిలో తొమ్మిది మంది గోడ కట్టినట్టు నిలబడితే ఇక సందెక్కడిది? వెతికే లోపలే వాణ్ణి వెనక్కి పడేస్తారు. వీడియోలో రెండో క్వార్టర్‌లో జరిగింది అదే. రెండు గజాలు పోగొట్టుకున్నాడు.

ఇక 44. హెడ్ కోచ్ మనసు వాడి మీదే ఉందని నీ మాటల్లో తెలిసింది. బరువుంది, చూస్తే భయమేస్తుంది. కానీ మూడో క్వార్టర్‌లో మూడో డౌన్ దగ్గర వీడియో ఆపి చూడు. నేను టీవీ దగ్గరకెళ్ళి నిలబడి ఒక్కో ఫ్రేమూ జరిపి చూశాను. బంతి చేతిలో పడగానే వాడి ఎడమకాలు ఆగింది. పాదం నేల మీద పూర్తిగా ఆనింది, మడమతో సహా. తర్వాత నిటారుగా లేచి గోడలోకి వెళ్ళాడు. అవతలి లైన్‌బ్యాకర్, ముందు వరస వెనక నిలబడి ఆపేవాడు, వాడి బరువులో మూడింట రెండొంతులు ఉంటాడేమో, తొడల దగ్గర కొట్టి అక్కడే కూలదోశాడు. ఢీకొన్న క్షణంలో జెర్సీ మీద 44 పైనుంచి కిందిదాకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. బాగా వంగి వెళ్ళేవాడి రొమ్ము మీద నంబరు ఎదుటివాడికి చదవడానికి వీలు కాదు, భుజాలే కనిపిస్తాయి. ఆ నంబరు కనిపించినంతసేపూ వాడి నూటఐదు కిలోలూ వాడికే బరువు.

ఒడ్డూ పొడుగే అంతా అయితే ఎమిట్ స్మిత్ సంగతేమిటి? ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి. పరుగుతో 164 టచ్‌డౌన్లు చేశాడు, ఇప్పటికీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అదే రికార్డు. తగ్గి వెళ్ళడం, కాళ్ళు ఆపకపోవడం, తగిలాక కూడా ముందుకే పడడం. మీ వాళ్ళలో ఈ మూడూ ఎవరికున్నాయా అని వెతుకుతుంటే, నువ్వు అడగని కుర్రాడొకడు నా కంటబడ్డాడు.

35వ నంబరు. 22 ముందు నిలబడి దారి చేసే ఫుల్‌బ్యాక్. తొంభై కిలోలుంటాడేమో. రెండో క్వార్టర్‌లో 22 పడిపోయిన ఆ ఆటనే మళ్ళీ చూడు, ఈసారి బంతి వంక చూడకు. 35 తన మనిషిని కొట్టాడు. కొట్టి ఊరుకోలేదు. పాదాలు చిన్న చిన్న అడుగులతో కొట్టుకుంటూనే ఉన్నాయి, మూడు గజాలు తోసుకెళ్ళి ఎండ్ జోన్‌లో పడేశాడు. నడుం తగ్గించి, మెడ నిలబెట్టి, చేతులు లోపలికి పెట్టి. ఆ నిలబడడం చూడగానే మీ అమ్మ, "ఈ పిల్లాడు కుస్తీ పట్టేవాడిలా ఉన్నాడే" అంది. చలికాలమంతా రెజ్లింగ్ చేస్తాడని నువ్వు ఎప్పుడో చెప్పింది వాడి గురించే అనుకుంటాను. పెన్సిల్వేనియా మట్టిలోనే ఆ విద్య ఉంది. ఆ వీడియో మొత్తంలో వాడి చేతికి బంతి రెండుసార్లే వచ్చింది. రెండుసార్లూ ముందుకే పడ్డాడు.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. గజం కావాల్సినప్పుడు మాత్రమే 44ని లోపలికి పంపితే, బంతి ఎవరికొస్తుందో అవతలివాళ్ళకి ముందే తెలిసిపోతుంది. 35 ఎప్పుడూ అక్కడే ఉంటాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైగా బంతి అందించే క్వార్టర్‌బ్యాక్‌కి దగ్గరగా నిలబడతాడు, బంతి తొందరగా అందుతుంది. 44ని లైన్ పక్కన అదనపు టైట్ ఎండ్‌గా పెట్టి ఆ బరువుని గోడ మీదకి తోలు. 22ని వెనకాలే ఉంచి, బంతి వాడికే ఇస్తున్నట్టు చూపిస్తూ బయటికి పరిగెత్తించు. అవతలి లైన్‌బ్యాకర్లలో ఒక్కడు వాడి వెంట పడినా చాలు.

మీ హెడ్ కోచ్ బంతి క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఉంచి, వాణ్ణి వెనకనుంచి మిగతావాళ్ళ చేత ముందుకి తోయించే ఆలోచన కూడా చేస్తున్నాడన్నావు. ఫిలడెల్ఫియా వాళ్ళని చూసి ఇప్పుడందరికీ ఆ కోరికే. దాన్ని నిషేధించాలని 2025 మేలో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఓట్లేస్తే 22 జట్లు సరేనన్నాయి, 24 కావాలి, అందుకని బతికిపోయింది. కానీ ఫిలడెల్ఫియా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ భుజాన ఆరువందల పౌండ్లు పెట్టుకుని స్క్వాట్ చేసే మనిషి. మీ పిల్లాడు సన్నగా ఉన్నాడు, బొటనవేలికి కట్టు కూడా ఉంది. వాణ్ణి ఆ గుంపులోకి పంపొద్దు.

నా మాట మీద మాత్రం వెళ్ళకు. బుధవారం ప్రాక్టీసు చివర, అందరూ అలిసిపోయాక, గజం దూరంలో బంతి పెట్టి పదకొండు మందినీ ఎదురుగా నిలబెట్టి 35కి ఇచ్చి చూడు. కొన్నిసార్లు బంతిని బకెట్ నీళ్ళలో ముంచి ఇవ్వు. అక్టోబరు చివర్లో మన దగ్గర వాన పడని శుక్రవారం ఎన్ని? చూడాల్సింది వాడు గీత దాటాడా అని మాత్రమే కాదు. బంతిని వేళ్ళు, అరచెయ్యి, ముంజెయ్యి, మోచేతి మడత, రొమ్ము, ఈ ఐదూ పట్టుకున్నాయా, రెండో చెయ్యి పైన మూతలా పడిందా చూడు. గీత అందుతుంది కదా అని చెయ్యి చాపి బంతి ముందుకి పెట్టే అలవాటుంటే మొదటిరోజే మాన్పించు. బంతిలో వేలెడంత భాగం గీత మీదికొస్తే టచ్‌డౌనే, నిజమే. కానీ చాపిన చేతిలోంచి జారి ఎండ్ జోన్ బయటికి దొర్లిపోతే అవతలి జట్టుకి ఇరవయ్యో గజం దగ్గర బంతి దక్కుతుంది.

జారిపోతే ఏం చేస్తావో కూడా ఇప్పుడే ఆలోచించుకో. ఎందుకంటే ఎప్పుడో ఒకసారి జారుతుంది. 2006 జనవరి 15 నీకు గుర్తుండి ఉండాలి, ఇండియానాపోలిస్‌లో ఆట. మనం ముందున్నాం, రెండు గజాల దూరంలో బంతి, నిమిషమున్నర కూడా లేదు. బెటిస్‌కిచ్చారు. జారిపోయింది. నిక్ హార్పర్ అందుకుని ఎదురు పరుగు తీశాడు. మన క్వార్టర్‌బ్యాక్ బెన్ రాత్లిస్‌బర్గర్ వెనక్కి తిరిగి పడుతూ లేస్తూ అతని కాలు దొరకబుచ్చుకోకపోతే అంతా పోయేది. పై అంతస్తు పెద్దాయన కళ్ళు మూసుకుని గోడకి తిరిగి నిలబడ్డాడు. చివర్లో వాళ్ళ కిక్కర్ 46 గజాల కిక్ తప్పాడు, మనం 21-18తో బయటపడ్డాం.

వారం తర్వాత డెన్వర్‌లో మళ్ళీ గోల్‌లైన్ దగ్గరికొచ్చారు. కోచ్ బిల్ కౌవర్ బంతి ఎవరికిచ్చాడు? బెటిస్‌కే. మూడు గజాలు, టచ్‌డౌన్. ఆ తర్వాతి ఆట బెటిస్ పుట్టిన ఊరు డిట్రాయిట్‌లో, సూపర్ బౌల్. గెలిచి, ఆ రాత్రే ఆటకి సెలవు చెప్పాడు. నువ్వు 35ని ఎంచుకుంటే, వాడి చేతిలోంచి బంతి జారిన మరుసటి వారం కూడా వాడికే ఇవ్వగలనా అని నిన్ను నువ్వు అడుగు. ఇవ్వలేననిపిస్తే ఇప్పుడే ఇంకొకణ్ణి చూసుకో.

ఇక 22 సంగతి మిగిలింది. నేను ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం వాడే.

నీకెప్పుడూ చెప్పలేదు. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఊళ్ళో సంక్రాంతికి చెడుగుడు పోటీలు పెట్టేవాళ్ళు. నేను బక్కగా, వడిగా ఉండేవాణ్ణి. కూతకి వెళ్తే ముగ్గురిలో ఒకణ్ణైనా తాకి వచ్చేవాణ్ణి. ఆ ఏడాది ఆఖరి ఆట, ఆఖరి కూత, ఒక్క పాయింటు కావాలి. జట్టంతా నా వైపు చూసింది. కెప్టెన్ నన్ను దాటుకుంటూ వెళ్ళి, రైస్ మిల్లులో బస్తాలు మోసే కుర్రాడి వీపు తట్టి పంపాడు. వాణ్ణి నలుగురు పట్టుకున్నారు. ఒకడు నడుం, ఇద్దరు తొడలు, ఒకడు చీలమండ. కూత ఆపకుండా ఆ నలుగురినీ ఈడ్చుకొచ్చి పడ్డాడు. చూపుడువేలి గోరు మధ్యగీత మీద ఉన్న సున్నాన్ని తాకింది. ఊరంతా వాణ్ణి ఎత్తుకుని గుడి దాకా ఊరేగించారు. నేను ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. ఎందుకు పంపలేదో కెప్టెన్ నాకు ఒక్క మాట చెప్పలేదు. ఆ ఏడాది తర్వాత నేను ఆడలేదు.

పిట్స్‌బర్గ్‌లో ఆ ఆదివారం బెటిస్ నలుగురిని మోసుకుంటూ గీత మీద పడినప్పుడు, నా కళ్ళకి కనిపించింది ఆ సున్నం గీతే. కెప్టెన్ సరిగ్గానే చేశాడని ఇరవై ఏళ్ళ తర్వాత, వేరే దేశంలో, నిన్ను ఒళ్ళో పెట్టుకుని ఒప్పుకున్నాను. ఆ రోజే నాకు చెప్పి ఉంటే ఇంకొన్నేళ్ళు ఆడేవాణ్ణి.

పెద్ద పెద్దవాళ్ళే ఇందులో పొరపాటు పడ్డారు. 1986 జనవరిలో సూపర్ బౌల్. చికాగో 46-10తో ముందెన్నడూ లేనట్టు గెలిచింది. ఒక గజం దూరంలో బంతి విలియమ్ పెర్రీకిచ్చారు, మూడొందల పౌండ్లు దాటిన డిఫెన్స్ ఆటగాడు, టచ్‌డౌన్ చేశాడు. అన్నేళ్ళూ ఆ జట్టుని మోసిన వాల్టర్ పేటన్‌కి ఆ రోజు ఒక్కటీ దక్కలేదు. అది తనకి తీరని బాధగా మిగిలిందని కోచ్ మైక్ డిట్కా తర్వాత తనే చెప్పుకున్నాడు.

అందుకని గురువారం లోపల 22ని పక్కకి పిలిచి నువ్వే చెప్పు, హెడ్ కోచ్ చేత చెప్పించకు. వీడియో చూపించి చెప్పు. 35 పాదాలు చూపించు, వాడి పాదాలూ చూపించు. వాడు బయటికి పరిగెత్తకపోతే 35కి దారి దొరకదని చూపించు. కోపగించుకుంటే కోపగించుకోనీ. వాడు మాట్లాడేదాకా లేవకుండా కూర్చో.

శుక్రవారం మేం నాలుగింటికే బయల్దేరతాం. మీ అమ్మ లైన్ కుర్రాళ్ళందరికీ పులిహోర కడతానంటోంది, పోయినసారి గిన్నె చాలలేదట. గొడుగులు తెస్తాను. నీ రెయిన్ కోటు ఇక్కడే వదిలేశావు, అదీ తెస్తాను. ఎండ్ జోన్ వెనకాల కంచె దగ్గర నిలబడతాను, అక్కణ్ణించి పాదాలు బాగా కనిపిస్తాయి.

బుధవారం ప్రాక్టీసు అయ్యాక, ఎంత రాత్రయినా సరే, 35 ఎలా చేశాడో ఫోన్ చేసి చెప్పు.

ప్రేమతో,
నాన్న